ఐదున్నర నిమిషాల సైనికులు

"రన్నింగ్ కొట్టేస్తే ఇంకేం లేదండీ. మిగతాదంతా ట్రైనింగులో వాళ్లే చూసుకుంటారు." మన కోనసీమలో, అమలాపురంలో గాని, రాజోలులో గాని, కొత్తపేటలో గాని మిలిటరీ ఉద్యోగం మాటెత్తితే మొదట వినపడేది ఇదే. కోచింగ్ మాస్టారూ అదే అంటారు. సెలవుకొచ్చిన జవానూ తన తొలి నెలల తంటాలు మరిచిపోయి అదే అంటాడు. ఇంట్లోవాళ్లకైతే అది వేదవాక్కు. ఇందులో సగం నిజమే కాబట్టి దీన్ని కాదనేవాడు లేకుండా పోయాడు. రన్నింగ్ పోతే ఉద్యోగం పోయినట్టే, ఒప్పుకుంటాను. ఆ తర్వాత ఏమీ లేదనే రెండో సగంతోనే నా పేచీ. ఎందుకంటే ఆ మాట అన్నవాళ్లెవరికీ ఏమీ కాదు, దాన్ని నమ్మి రైలెక్కిన పద్దెనిమిదేళ్ల కుర్రాడి కాలి ఎముక మీద పడుతుంది దాని బరువు.

ముందు లెక్క చూద్దాం. సైన్యం నాలుగేళ్లకు తీసుకునే అగ్నివీర్‌ల ర్యాలీలో పరుగు 1.6 కిలోమీటర్లు. 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే 60 మార్కులు. పది పుల్‌అప్స్ తీస్తే మరో 40. తొమ్మిదడుగుల గొయ్యి దూకాలి, వంకర దుంగ మీద పడకుండా నడవాలి, వీటికి మార్కుల్లేవు, పాసైతే చాలు. 400 మీటర్ల ట్రాకు మీద రౌండుకి 82 సెకన్ల చొప్పున నాలుగు రౌండ్లు లాగినవాడు మొదటి గ్రూపులో ఉంటాడు. తేలికేం కాదు, ఏడాది కష్టం ఉంది దాని వెనక. ఇక రెండో వైపు చూడండి. హైదరాబాద్ గోల్కొండలోని ఆర్టిలరీ సెంటరులో 2023 జనవరిలో తొలి అగ్నివీరుల బ్యాచ్‌కి మొదలుపెట్టిన శిక్షణ 31 వారాలు. అందులో 10 వారాలు ప్రాథమిక శిక్షణ, మిగిలిన 21 వారాలు ఆపై శిక్షణ.

ఐదున్నర నిమిషాల పరుగుకి ఏడాది సిద్ధపడి, ఏడు నెలల జీవితానికి ఒక్కరోజు కూడా సిద్ధపడకుండా పంపిస్తున్నాం. ఇవాళ పరిగెత్తినవాడు రేపు, ఎల్లుండి, ఆ తర్వాత నెలా పరిగెత్తగలడా అని ర్యాలీ అడగదు. బూట్లతో, వీపున బరువుతో, నిద్ర చాలని కళ్లతో ఎంతదూరం నడవగలడో చూడదు. వేలమందిలోంచి కొందరిని ఒక్క ఉదయంలో ఏరడానికి పెట్టిన జల్లెడ అది. జల్లెడలో నిలిచినంత మాత్రాన బియ్యం అన్నమైపోదు.

శరీరం సంగతి తీసుకుందాం. కష్టపెడితే గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే దారికొస్తాయి. కండ కూడా అంతే. ఎముక తీరు వేరు. దాని మీద అలవాటులేని బరువు పడితే ముందు తనలో పాత భాగాన్ని కరిగించుకుంటుంది, ఆ తర్వాత కొత్తది పోసుకుంటుంది. కరగడం వారాల్లో అయిపోతుంది, పోసుకోవడానికి నెలలు పడుతుంది. అంచేత శిక్షణ మొదలైన మూడో నాలుగో వారానికి, కుర్రాడికి ఊపిరి బాగా అందుతున్నప్పుడు, "ఇక నాకు అలవాటైపోయింది" అని అతను అనుకుంటున్నప్పుడు, మోకాలి కింద ముందు ఎముక అంతకుముందుకంటే కాస్త బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే డ్రిల్ మైదానంలో మడమ కొట్టడం జోరందుకుంటుంది. ఎముకలో వెంట్రుకవాసి చీలిక పడుతుంది. దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు.

ఇదేదో మనవాళ్ల నాజూకుతనం అనుకునేవాళ్లకి ఒక సంగతి. ఇజ్రాయెల్‌లో ఎముకల వైద్యుడు చార్లెస్ మిల్‌గ్రోమ్ బృందం 295 మంది పదాతిదళ రిక్రూట్లను శిక్షణ పొడుగునా గమనించి 1985లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లలో 31 శాతం మందికి స్ట్రెస్ ఫ్రాక్చర్లు కనిపించాయి. అదే బృందం 2000లో మరో సంగతి చెప్పింది. సైన్యంలో చేరకముందు కనీసం రెండేళ్లపాటు బాస్కెట్‌బాల్ లాంటి బంతాటలు క్రమంగా ఆడినవాళ్లకు ఈ చీలికలు బాగా తక్కువ. చేరకముందు పరుగు సాధన చేశామన్నవాళ్లకు మాత్రం ఆ రక్షణ కనిపించలేదు.

మరోసారి చదవండి ఆ చివరి వాక్యం. పరుగు ఒకే దిక్కున, ఒకే తీరున సాగుతుంది. బంతాటలో ఎగరాలి, పక్కకి దూకాలి, ఉన్నపళాన ఆగాలి, తిరగాలి. ఎముక నాలుగు వైపుల నుంచీ దెబ్బతిని గట్టిపడుతుంది. మన ఊళ్లలో సాయంత్రమైతే వాలీబాల్ నెట్టు కట్టని చోటు ఎంత వెతికినా తక్కువే. అలాంటి చోట పుట్టి పెరిగిన కుర్రాడు కోచింగ్ అకాడమీలో చేరగానే చాలాచోట్ల మొదట మాన్పించేది ఆ ఆటనే. "దెబ్బ తగిలితే ర్యాలీ పోద్దిరా" అంటారు. మాన్పించి ఏం చేయిస్తారు? తెల్లారకుండానే 216 హైవే అంచున గట్టి తారు మీద, రోజూ అదే 1,600 మీటర్లు, చేతిలో స్టాప్‌వాచ్. నొప్పెడితే మాత్ర. ఎముకను కాపాడే ఆట తీసేసి, ఎముకను అరగదీసే పరుగు ఇచ్చి, దీన్ని మిలిటరీ కోచింగ్ అంటున్నాం.

ఇంతకంటే పెద్ద తప్పు సెలక్షన్ తర్వాత జరుగుతుంది. 2023 నుంచి ముందు ఆన్‌లైన్ పరీక్ష, ఆ తర్వాత ర్యాలీ, మెడికల్, మెరిట్ లిస్టు, సెంటరు నుంచి పిలుపు. ఒక్కో మెట్టుకీ మధ్య వారాలు, ఒక్కోసారి నెలలు. మెరిట్ లిస్టులో పేరు చూసుకున్న కుర్రాడికి మొత్తం ప్రయాణంలో బంగారంలాంటి కాలం అదే. ఆ కాలంలో మనం చేసేదేమిటి? మేనత్త ఇంట్లో కోడికూర, పెద్దమ్మ ఇంట్లో పూతరేకులు, బంధువులందరి దగ్గరా దీవెనలు, పొద్దెక్కేదాకా పడక. "పాపం, వెళ్తే ఎలాగూ కష్టమే కదా, ఉన్నన్నాళ్లు సుఖపడనీ." తల్లి ప్రేమను తప్పుపట్టను. కాని ఆ విశ్రాంతితో కుర్రాడు ఏడాదిలో సంపాదించినదంతా పోగొట్టుకుని, మళ్లీ మొదటి మెట్టు మీద నిలబడి, అది తెలియకుండానే బండెక్కుతాడు.

ఆ నెలల్లో చేయాల్సింది పెద్ద ఖర్చుతో పనిలేనిది. చెప్పులతో పెరిగిన పాదం బూటుకి అలవాటు పడాలి. అది చిన్న సంగతిలా కనిపిస్తుంది. కొత్త బూటు మడమ వెనక రాసుకుంటుంది, మొదట చర్మం ఎర్రబడి వేడిగా తగులుతుంది, అక్కడే ఆగి మేజోడు సరిచేసుకుంటే అయిపోయేది, ఆగకపోతే గంటలో నీటిపొక్కు, మర్నాటికి పచ్చిపుండు. పుండున్న కాలు సరిగ్గా పడదు, పాదం వాలుగా వేస్తాడు, ఆ వాలు మోకాలికి పాకుతుంది. ఒక్క మేజోడు ముడతతో మొదలైన సంగతి ఇది. ఇంటి దగ్గరే బూట్లతో మొదట అరగంట, తర్వాత గంట నడిచినవాడికి ఎక్కడ రాసుకుంటుందో, లేసు ఎంత బిగించాలో, తడిసిన మేజోడు ఎప్పుడు మార్చాలో తెలిసిపోతుంది. ఆ తర్వాత కాలవగట్టు మట్టిబాట మీద వీపున సంచితో నడక. మొదట తేలిక బరువు, వారం వారం పదో వంతు మించకుండా పెంచుతూ. వారానికో రోజు పూర్తి విశ్రాంతి. అదనపు పరుగు అక్కర్లేదు. అతిగా చేసి విరిగిన కాలితో రిపోర్టు చేసేవాడి కంటే, కాస్త తక్కువ చేసి నిండు కాళ్లతో వెళ్లేవాడే నయం.

సెంటరు లోపల ఉండే పరీక్షలు ఎలాంటివో కూడా ముందే తెలిసి ఉండాలి. పీపీటీ అని ఒకటి ఉంటుంది, అందులో పరుగు 2.4 కిలోమీటర్లు. బీపీఈటీ అని ఇంకొకటి, అందులో రైఫిలు, సామాను మోసుకుంటూ 5 కిలోమీటర్లు, ఆపైన నిలువు తాడు ఎక్కడం, అడ్డ తాడు మీద పాకడం. 1,600 మీటర్ల వీరుడు ఆ తాడు కింద నిలబడి పైకి చూసినప్పుడు అర్థమవుతుంది తన చేతులకు ఎవరూ ఏమీ నేర్పలేదని. కొబ్బరి దింపు తీసేవాళ్లు కాళ్లకు బంధం వేసుకుని చెట్టుకి వేలాడుతూ నిలబడే తీరు చూడండి. అరచేతి పట్టు, తొడల బిగింపు, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలిసిన ఒడుపు. పక్కింట్లోనే ఉన్న గురువుల్ని వదిలేసి ఫీజు కట్టి జిమ్ముకి వెళ్లడం మనకే చెల్లింది.

ఇక్కడ కోనసీమ గురించి ఒక పాత నింద అడ్డు వస్తుంది. "మనవాళ్లు నీళ్లలో పెరిగిన మొక్కలండీ, మిలిటరీకి తట్టుకోలేరు. అది మాధవరం వాళ్ల రక్తంలో ఉంది." తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం, రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు, దాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. దాని మీద నాకు గౌరవం ఉంది, కాని రక్తం వాదం మీద లేదు. ఆ ఊరి కుర్రాడికి దక్కేది తాత మాట, బాబాయి మాట. సెంటరులో మొదటి వారం ఎలా ఉంటుందో, శిక్షణ ఇచ్చే ఉస్తాద్ అరిస్తే ఏం చేయాలో, ఏ నొప్పికి దాచుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలో వీధి అరుగు మీదే వింటాడు. దాన్ని రక్తమనడం ఎందుకు, అది సమాచారం. సమాచారం ఎవరైనా సంపాదించుకోవచ్చు.

ఇక సుకుమారం సంగతి. 1996 నవంబరు తుపానులో తోటలకు తోటలే నేలకూలినా మళ్లీ మొక్క నాటి నిలబడ్డ నేల ఇది. 2022 జూలైలో గోదావరి వరద ముంచెత్తినప్పుడు లంక గ్రామాల పిల్లలు పడవల మీద మందులూ పాలూ మోశారు. ఉప్పెక్కిన ఎండలో, ఊపిరాడని ఉక్కలో చేలల్లో పనిచేసినవాడికి ఒళ్లు వేడిని ఓర్చుకోవడం తెలుసు. ఈత వచ్చిన కుర్రాడు కోనసీమలో వింత కాదు, అగ్నివీర్‌గా నేవీకి ఎంపికై ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాకి వెళ్లేవాడికి అది చిన్న ఆస్తా? మనకి నిజంగా లేనిది ఒకటుంది, ఎత్తు. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల పైన, చూపు ఆనినంత మేర చదునుగా పరుచుకున్న ఊళ్లు మనవి. ఇక్కడినుంచి నీలగిరుల్లో సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న వెల్లింగ్టన్‌కి, మద్రాస్ రెజిమెంటల్ సెంటరుకి వెళ్లినవాడికి చలీ కొత్తే, ఎగుడూ కొత్తే. దానికీ మందు ఉంది. ఎదుర్లంక వారధికో, చించినాడ వంతెనకో ఎక్కే అప్రోచి మీద బరువుతో ఎక్కి దిగడం. దిగడం ఇంకా ముఖ్యం, మోకాళ్లు పట్టేసేది దిగేటప్పుడే.

సిద్ధం చేసి పంపడం మన నేలకు తెలియదా అంటే, అదీ కాదు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఏ వీధిలోనైనా అడగండి, కువైట్ వెళ్లే మనిషిని ఎలా తయారుచేస్తారో. పెట్టెలో ఏ పచ్చడి ఎలా కట్టాలి, ఏ కాగితం ఎవరి చేతికీ ఇవ్వకూడదు, ఇంటి యజమానురాలు కోప్పడితే ఏం మాట్లాడాలి, నాలుగు అరబ్బీ ముక్కలు, మొదటి నెల ఏడుపొస్తే ఎవరికి ఫోన్ చేయాలి. చదువురాని పిన్నికి కూడా వారంరోజుల శిక్షణ ఇచ్చి విమానం ఎక్కిస్తారు. అదే ఇంటి కుర్రాడు సైన్యానికి వెళ్తుంటే మాత్రం "అన్నీ వాళ్లే చూసుకుంటారు"!

ఇక మనసు. దీని గురించి అయితే మనకున్న అభిప్రాయాలు రెండే. దేశభక్తి ఉంటే మనసు దానంతటదే గట్టిపడుతుందన్నది ఒకటి, తిట్టి కొడితే గట్టిపడుతుందన్నది రెండోది. మొదటిదాన్ని నమ్మేవాడు ఫోన్ నిండా జెండా వీడియోలు పెట్టుకుంటాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి మరుగుదొడ్డి ముందు ఇరవైమంది వరుసలో నిలబడి, పది నిమిషాల్లో గడ్డం గీసుకుని, బూటు మెరిపించి, మంచం దుప్పటి ముడత లేకుండా లాగి ఫాలిన్‌కి, అంటే వరుసలో హాజరుకి, పరిగెత్తాల్సినప్పుడు ఆ వీడియోలు అక్కరకు రావు. ఫోనెలాగూ చేతిలో ఉండదు. అప్పుడు పనికొచ్చేది తన బట్టలు తాను ఉతుక్కునే అలవాటు, ఊడిన గుండీ తాను కుట్టుకునే అలవాటు, విసుగొచ్చే చిన్న పనిని చివరిదాకా శుభ్రంగా చేసే ఓపిక. మన ఇళ్లలో మగపిల్లాడికి ఇవేవీ నేర్పం. చొక్కా అమ్మ ఉతుకుతుంది, కంచం చెల్లి తీస్తుంది. ఇంట్లో పెంచిన ఈ దర్జా బ్యారక్‌లో మొదటి వారంలోనే శిక్షగా మారుతుంది.

రెండో అభిప్రాయం ఇంకా ప్రమాదం. కొన్ని కోచింగుల్లో బెల్టుతో కొడతారు, బూతులు తిడతారు, ఎండలో మోకాళ్ల మీద నిలబెడతారు, అడిగితే "రేపు అక్కడ రగ్డా పడితే తట్టుకోవద్దా" అంటారు. రగ్డా అంటే శిక్షగా చేయించే కసరత్తు, కొత్త మాటేం కాదు. కాని సెంటరులో ఉస్తాద్ అరుపు వెనక ఒక క్రమం ఉంటుంది. ఒకడి తప్పుకి ప్లటూన్ మొత్తం పరిగెత్తితే, పక్కవాడిని చూసుకోవడం నేర్పాలన్నది అక్కడి ఉద్దేశం. కోచింగులో దెబ్బ తిన్న కుర్రాడు నేర్చుకునేది వేరు, నొప్పిని దాచడం. ఈ దాచే అలవాటే సెంటరులో కొంప ముంచుతుంది. కాలి ముందు ఎముక మీద వేలు పెడితే ఒక్క చోట చురుక్కుమంటోంది, రాత్రి పడుకున్నా సలుపుతోంది. చెబితే సిక్ రిపోర్టు, ఆ తర్వాత రెలిగేషన్, అంటే తన బ్యాచ్‌ని వదిలి వెనక బ్యాచ్‌లో కలవడం. ఊళ్లో పరువు పోతుందని నోరు మూసుకుంటాడు. వెంట్రుకవాసి చీలిక మరో రెండు వారాల్లో ఎముక పూర్తిగా విరగడం దాకా వెళ్తుంది. మొదటి రోజే చెప్పి ఉంటే కొద్ది వారాల విశ్రాంతితో పోయేది. మనసు సిద్ధం చేయడమంటే నా దృష్టిలో మొట్టమొదట ఇది నేర్పడం: ఓర్చుకోవాల్సిన నొప్పి ఏది, చెప్పాల్సిన నొప్పి ఏది. రెలిగేట్ అయితే ఆకాశం ఊడిపడదని ఇంట్లోవాళ్లు ముందే చెప్పి పంపడం.

హిందీ సంగతి కూడా ఇందులోదే. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, తేజ్ చల్. మైదానంలో ఆజ్ఞలన్నీ హిందీలో. మాట అర్థం కాక అర సెకను ఆలస్యంగా తిరిగినవాడు బద్ధకస్తుడిలా కనపడతాడు, తిట్లు తింటాడు, తనకేదో తెలివి తక్కువని తనే నమ్మడం మొదలుపెడతాడు. ఇందులో తెలివి ప్రసక్తే లేదు, రెండు మూడు వందల హిందీ మాటలు రాకపోవడమే జబ్బు. నెలరోజుల్లో నేర్చుకోవచ్చు. రొట్టె, పప్పు తినడం కూడా అంతే, మూడు పూటలా అన్నం తిన్న కడుపుకి ఇంటి దగ్గరే రెండు వారాల ముందు పూటకి నాలుగు చపాతీలు అలవాటు చేస్తే సరిపోతుంది. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

ఇంకో విషయం, మనవాళ్లు మాట్లాడడానికి ఇష్టపడనిది. 2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పు గొడవలో అమలాపురంలో మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లు తగలబడ్డాయి. మూడు వారాలు దాటి మూడు రోజులకు, జూన్ 17న, నాలుగేళ్ల భర్తీ పథకం అగ్నిపథ్‌కి వ్యతిరేకంగా సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు పెట్టెలు తగలబడ్డాయి, ఒక యువకుడు తూటాకి ప్రాణం పోగొట్టుకున్నాడు. రెండేళ్లు భర్తీలు ఆగిపోయి, వయసు దాటిపోతున్న పిల్లల కడుపుమంట అబద్ధమని నేను అనను. కాని రెండుచోట్లా సీసీ కెమెరాలూ ఫోన్ వీడియోలూ చూసి పోలీసులు కుర్రాళ్లను పట్టుకెళ్లారు. జూన్ 19న సైన్యం తేల్చి చెప్పింది, విధ్వంసంలో పాల్గొనలేదని హామీ ఇవ్వాలి, పోలీసు వెరిఫికేషన్ లేకుండా ఎవరినీ తీసుకోం అని. ఏ గ్రూపులో ఏ మెసేజ్ వస్తే కదలాలో, ఏది వస్తే ఇంట్లో కూర్చోవాలో తేల్చుకోగల మనసు సైనికుడికి శిక్షణ మొదలయ్యాక రాదు, ముందే రావాలి. దీన్ని ఏ కోచింగ్‌లోనూ ఒక్క గంట పాఠంగానైనా చెప్పగా నేను వినలేదు.

"అన్నీ ముందే నేర్చుకుంటే ఇక ట్రైనింగ్ ఎందుకండీ" అని అడిగే పెద్దమనుషులు ఉంటారు. రైఫిలు పట్టడం, గురి, మ్యాపు, ఫీల్డ్‌క్రాఫ్ట్, అవన్నీ సెంటరే నేర్పుతుంది, ఇంట్లో నేర్చుకోమని ఎవరూ అనడం లేదు. నేను అడుగుతున్నది ఆ నేర్పేవి అందుకునే ఒళ్లూ తలా పట్టుకెళ్లమని. కాలు నొప్పితో, నిద్రలేమితో, భాష రాక బిక్కుబిక్కుమంటున్నవాడికి గురి చూడటం ఎంత చెబితే ఎక్కుతుంది?

"నాలుగేళ్ల ఉద్యోగానికి ఇంత హడావుడి ఎందుకు" అనేవాళ్లకి సమాధానం అగ్నిపథ్ నిబంధనల్లోనే ఉంది. నాలుగేళ్ల తర్వాత ప్రతి బ్యాచ్‌లోనూ నూటికి పాతికమంది వరకే రెగ్యులర్ సర్వీసులో మిగులుతారు. ఆ పాతికమందిని ఏరేది ర్యాలీ నాటి పరుగు చూసి కాదు, సర్వీసులో చూపిన పనితనాన్ని బట్టి. మొదటి ఆరు నెలలు ఆసుపత్రి మంచానికీ మైదానానికీ మధ్య తిరిగినవాడు ఆ పోటీని వెనకబడి మొదలుపెడతాడు. పాత పద్ధతిలో పదిహేనేళ్ల సర్వీసులో సర్దుకునే వీలుండేది. ఇప్పుడు సర్దుకునే లోపే సర్వీసు అయిపోతుంది. నాలుగేళ్లే కాబట్టి ఇంకా ఎక్కువ సిద్ధపడాలి, తక్కువ కాదు.

కోచింగ్ నడిపేవాళ్లందరూ దోచుకునేవాళ్లేనని నేను అనను. సర్వీసు చేసొచ్చి, పిల్లల్ని సొంత బిడ్డల్లా చూసుకుని, ఫీజు కట్టలేనివాడికి ఊరికే నేర్పే మాజీ సైనికులు మన మండలాల్లోనే ఉన్నారు. వాళ్లకు ఈ వ్యాసంలో చెప్పినవన్నీ నాకంటే బాగా తెలుసు. కాని వాళ్లు కూడా స్టాప్‌వాచ్ దగ్గరే ఆగిపోవాల్సి వస్తోంది, ఎందుకంటే తల్లిదండ్రులు అడిగేది ఒకటే ప్రశ్న: "మీ దగ్గర ఎంతమందికి వచ్చిందండీ?" కోచింగ్ సెంటర్ల దగ్గర కూడలిలో కట్టిన ఫ్లెక్సీల మీద కనిపించేవి కూడా ఎంపికైనవాళ్ల ఫొటోలే. ఫీజు కట్టే ముందు ఇంకో ప్రశ్న అడగండి. నిరుడు మీరు పంపినవాళ్లలో కసమ్ పరేడ్ దాకా, అంటే శిక్షణ చివర ప్రమాణం చేసే రోజు దాకా, తమ బ్యాచ్‌తోనే నిలిచినవాళ్లు ఎంతమంది, వెనక బ్యాచ్‌కి పడినవాళ్లు ఎంతమంది, తిరిగొచ్చినవాళ్లు ఎంతమంది, ఎందుకు? మాస్టారు వేళ్లమీద లెక్కపెట్టి చెబితే పిల్లాడిని అక్కడే చేర్చండి. "ఆ తర్వాతది మాకెందుకండీ" అంటే, ఆ డబ్బుతో ఒక జత మంచి బూట్లు కొనిపెట్టి కాలవగట్టు చూపించడం మేలు.